80 డాలర్ల పెట్టెకి పదకొండు మెసేజ్‌లు

గరాజ్‌లో కారుకి చోటు లేదని మా ఆవిడ మూడోసారి అన్నాక, నా దగ్గరున్న మూడు ర్యాక్ సీడీ ప్లేయర్లలో ఒకదాన్ని పోయిన నెల ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాను. 80 డాలర్లు అని రాశాను. అది కూడా ఎక్కువే అనుకున్నాను. పదిహేడేళ్ల కిందటి సరుకు, సీడీ వేసుకునేవాళ్లెవరు ఈ రోజుల్లో? పెట్టింది శనివారం పొద్దున. మధ్యాహ్నం భోజనానికి కూర్చునే లోపల పదకొండు మెసేజ్‌లు.

ఒకాయన బార్లలో కరోకే నడుపుతాడట. ఇంకొకరు స్కేటింగ్ రింక్ నుంచి. ఒక చర్చిలో సౌండ్ చూసుకునే ఆవిడ. నవరాత్రుల్లో గర్బాకి పాటలు వేసే గుజరాతీ కుర్రాడు. మిగతావాళ్లంతా నాలాంటి వాళ్లే, అంటే పెళ్లిళ్లకీ స్కూల్ డాన్సులకీ బండిలో సామాను వేసుకుని తిరిగే డీజేలు. ఒక్కడు కూడా "ఇంకా పనికొస్తుందా ఇది?" అని అడగలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఉందా, అమ్మేశారా?"

తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఇది ఇంట్లో టీవీ కింద పెట్టుకునే సీడీ ప్లేయర్ కాదు. రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకదాంట్లో రెండు ట్రేలు పక్కపక్కన. రెండోదాంట్లో బటన్లు, తిప్పే చక్రాలు, పాట వేగం మార్చే స్లైడర్లు. మధ్యలో ఒక లావాటి కేబుల్. డెనాన్, న్యూమార్క్, జెమినై లాంటి కంపెనీలు ఇలాంటివి చాలా చేశాయి. ర్యాక్ కొలత మాత్రం ఎవరు చేసినా ఒకటే: వెడల్పు 19 అంగుళాలు, ఎత్తు యూనిట్ల లెక్కన, ఒక్కో యూనిట్ 1.75 అంగుళాలు. యాంప్లిఫయర్, వైర్‌లెస్ మైక్ రిసీవర్ కూడా అదే కొలతలో వస్తాయి. అన్నిటినీ ఒక చక్రాల పెట్టెలో స్క్రూలతో బిగించేసి, వెనకాల వైర్లు ఒకసారి కలిపేసి, ఇక ఏళ్ల తరబడి ముట్టుకోనక్కర్లేదు. హాల్‌కి వెళ్లి ముందు మూత, వెనక మూత తీసి, ఒక ప్లగ్ గోడకి పెడితే పని మొదలు.

దీని విలువ నాకు అమెరికాలో తెలిసింది కాదు. తెనాలి దగ్గర మా మేనమామకి మైక్ సెట్ ఉండేది. ఆహుజా యాంప్లిఫయరు, రెండు హారన్లు, ఒక క్యాసెట్ ప్లేయరు. సెలవులకి వెళ్తే చెట్టెక్కి హారన్ కట్టే పని నాది. ఆయన యాంప్లిఫయర్నీ క్యాసెట్ ప్లేయర్నీ ఒకే చెక్కపెట్టెలో మేకులు కొట్టి బిగించి పెట్టుకున్నాడు. "ఊడదీసిన వైరు మళ్లీ కలిపేటప్పుడేరా తప్పు జరుగుద్ది" అనేవాడు. 19 అంగుళాల ర్యాక్ అనే మాట ఆయన చెవిన పడి ఉండదు. అయినా ర్యాక్ అంటే అదే.

క్లబ్బుల సంగతి వేరు. అక్కడ బల్ల మీద పెట్టే ప్లేయర్లు. పయనీర్ 1994లో సీడీజే-500 తెచ్చింది, 2001లో వచ్చిన సీడీజే-1000తో క్లబ్బుల్లో రికార్డుల మీద చేసే చేతిపనంతా సీడీ మీదకి వచ్చేసింది. 2020లో సీడీజే-3000 వచ్చేసరికి అసలు సీడీ పెట్టే చోటే తీసేశారు. ఆ వార్త చదివినవాళ్లంతా సీడీ కథ ముగిసింది అనుకున్నారు. పెళ్లి హాల్లో బిర్యానీ వాసన మధ్య నిలబడి పాటలు వేసేవాడిని ఎవరూ అడగలేదు.

మా పనిలో అసలు పరీక్ష డాన్స్ ఫ్లోర్ దగ్గర కాదు, ముహూర్తం దగ్గర. న్యూజెర్సీలో అన్ని తెలుగు పెళ్లిళ్లకీ సన్నాయి మేళం దొరకదు. దొరకనప్పుడు ఆ బాధ్యత డీజేది. పంతులుగారు మంత్రాలు చదువుతూ చదువుతూ ఉన్నట్టుండి చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం!" అంటారు. ఆ మాట పూర్తయ్యేలోపు డోలు మోగాలి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఒకసారి, మంగళసూత్రం కట్టేటప్పుడు ఇంకోసారి. రెండు సెకన్లు ఆలస్యమైతే పెళ్లి ఆగదనుకోండి. కానీ వీడియోలో ఆ రెండు సెకన్ల నిశ్శబ్దం శాశ్వతంగా ఉండిపోతుంది. పెళ్లికూతురి పెద్దనాన్న తల తిప్పి నా వైపు చూసిన చూపుతో సహా.

ఈ పెట్టె అందుకే పుట్టిందా అనిపిస్తుంది నాకు. సీడీలో సెకనుకి 75 ఫ్రేములు, అంటే సెకనుని 75 ముక్కలు చేసినట్టు. డిస్‌ప్లేలో నిమిషాలు, సెకన్లు, ఫ్రేములు విడివిడిగా కనిపిస్తాయి. చక్రం మెల్లగా తిప్పుతూ డోలు దెబ్బ సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో ఆ ఫ్రేము దగ్గర ఆపి క్యూ పెడతాను, అంటే పాట అక్కడి నుంచే మొదలవ్వాలని గుర్తు. అక్కడి నుంచి కొన్ని సెకన్ల పాట మెషీన్ మెమరీలోకి ఎక్కి కూర్చుంటుంది. ఇక పచ్చ లైటు మిణుకు మిణుకుమంటూ అలాగే ఉంటుంది. పావుగంటైనా సరే, నిద్రపోదు, తాళం పడదు, ఎవరో ఫోన్ చేశారని పాట ఆపదు. నేను పంతులుగారి చెయ్యి కనపడే చోట నిలబడి, వేలు బటన్ మీద పెట్టుకుని ఉంటాను. ఫోన్‌తో కూడా ఒకసారి ప్రయత్నించాను. చెయ్యి లేచింది, స్క్రీన్ నల్లగా ఉంది, నా మొహం చూపిస్తే అది గుర్తు పట్టలేదు. నా మొహం ఆ క్షణంలో ఎలా ఉందో నాకే తెలుసు కాబట్టి దాన్ని తప్పుపట్టను.

అలాగని సీడీతో నాకు పరువు పోలేదని కాదు. ఈ ప్లేయర్లలో ఒక చిన్న బటన్ ఉంటుంది: పాట అయిపోగానే ఆగిపోవాలా, తర్వాతి ట్రాక్‌కి వెళ్లాలా అని. కొత్తలో ఒక పెళ్లిలో అది చూసుకోలేదు. మంగళసూత్రం కట్టడం, గట్టిమేళం, అక్షింతలు, అన్నీ బ్రహ్మాండంగా జరిగాయి. గట్టిమేళం ట్రాక్ అయిపోయింది. దాని తర్వాత ఆ డిస్క్‌లో నేనే రాసి పెట్టుకున్న ట్రాక్ అప్పగింతల పాట. ఇంకా తలంబ్రాలే పోసుకోలేదు, అమ్మాయిని అత్తారింటికి పంపించేశాను. వాళ్లమ్మగారు నిజంగానే ఏడవడం మొదలుపెట్టారు. అప్పటి నుంచీ పెట్టె తెరవగానే నేను మొదట చూసేది ఆ బటన్.

ఇక ఉగాది ప్రోగ్రాములు. పాతిక ఐటమ్స్, పాతిక మంది తల్లిదండ్రులు, పాతిక రకాల ఫైళ్లు. ఒకరు వాట్సాప్‌లో పంపుతారు, ఒకరు లింకు ఇస్తారు (తెరిస్తే అనుమతి లేదంటుంది), ఒకరు యూట్యూబ్‌లో వెతుక్కోమంటారు. మాకు దగ్గర్లో కూచిపూడి నేర్పించే టీచర్‌గారు ఒకావిడ మాత్రం ఇప్పటికీ సీడీయే ఇస్తారు. కవర్ మీద స్కెచ్ పెన్‌తో పిల్లల పేర్లు, "ట్రాక్ 2 మాత్రమే" అని కింద రెండు గీతలు. రిహార్సల్‌కి ఒకటి, స్టేజికి ఒకటి, హ్యాండ్‌బ్యాగ్‌లో ఇంకొకటి. "బాబూ, పిల్లలు ప్రవేశం తీసుకున్నాక పాట వెయ్యాలి, అంతకుముందు కాదు" అంటారు ప్రతిసారీ. లాప్‌టాప్‌లలో సీడీ డ్రైవ్ మాయమై చాలా కాలమైంది. ఆపిల్ రెటీనా మ్యాక్‌బుక్ ప్రో 2012లోనే దాన్ని వదిలేసింది. ఆవిడ డిస్క్ ఇచ్చినప్పుడు బయట పెట్టే డ్రైవ్ కోసం సంచులు వెతుక్కునే డీజేని చూశాను, పాపం, మంచి కుర్రాడే. అవతల ఎనిమిది మంది పిల్లలు గజ్జెలతో తెర వెనక నిలబడి ఉన్నారు.

నేను లాప్‌టాప్ వాడనా అంటే, వాడతాను. రాత్రి డాన్సులకి వేసే పాటల్లో నూటికి తొంభై అందులోవే. పెళ్లికొడుకు స్నేహితులు అడిగే పాట సీడీలో ఎక్కడ దొరుకుతుంది? కానీ లాప్‌టాప్‌కి ఎప్పుడూ ఏదో ఒకటి కావాలి. 2019లో మ్యాక్‌లకి కెటలీనా అనే కొత్త సిస్టమ్ సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు పాత రకం (32-బిట్) ప్రోగ్రాములు ఆగిపోయాయి, ఐట్యూన్స్ పోయింది, అందులో పాటలు సర్దుకున్న డీజేలు లబోదిబోమన్నారు. నా లాప్‌టాప్ ఒకసారి రిసెప్షన్ మధ్యలో బిగుసుకుపోయింది. తప్పు నాదే, అదే మెషీన్‌లో వారమంతా ఆఫీసు పని కూడా చేస్తాను. ర్యాక్‌లో కుడి ట్రేలో ఎప్పుడూ ఉండే గంటంబావు డిస్క్ ఉంది కదా, బటన్ నొక్కాను. సభలో ఒక్కరికి కూడా తెలియలేదు. నాకు మాత్రం చొక్కా తడిసిపోయింది.

కరోకే వాళ్ల బాధ ఇంకోరకం. వాళ్ల డిస్కుల్లో పాటతోపాటు తెర మీద కదిలే అక్షరాలు కూడా ఉంటాయి, సీడీప్లస్‌జీ అంటారు. అలాంటి డిస్కులు వందల కొద్దీ కొనిపెట్టుకున్నవాడు వాటిని ఎక్కడ పారేస్తాడు? అవి చదివే ప్లేయర్ అయితే చాలు, పెట్టె ఎంత పాతదైనా తీసుకుపోతాడు.

లోపాలు లేవా అంటే బోలెడు. ట్రే లోపల చిన్న రబ్బరు బెల్ట్ సాగిపోతే ట్రే సగం వచ్చి ఆగిపోతుంది. లెన్స్ మీద దుమ్ము పడితే డిస్క్ లేదంటుంది. క్యూ బటన్ కింద ఉండే బుల్లి స్విచ్ నొక్కీ నొక్కీ చచ్చిపోతుంది, సోల్డరింగ్ వస్తే కొత్తది వేసుకోవచ్చు. మనం రాసుకున్న డిస్కులు ఎండాకాలం కారులో వదిలేస్తే పాడవుతాయి. కాయితం లేబుల్ అంటించారంటే అది ఎప్పుడో లోపల ఊడుతుంది. ఇక బరువు... నలభై దాటాక నా నడుము గురించి నేను రాయదలుచుకోలేదు.

చివరికి కొన్నాయన పెన్సిల్వేనియా నుంచి వచ్చాడు. అరవై దాటిన తెల్లాయన, పాత వ్యాన్. స్కూల్ డాన్సులు, రిటైర్మెంట్ పార్టీలు, పెళ్లిళ్లు, ముప్పై ఏళ్లుగా ఇదే పని అన్నాడు. చొక్కా జేబులోంచి ఒక డిస్క్ తీశాడు. దాని మీద గీతలు చూస్తే ఎవరో గిన్నెలు తోమే పీచుతో రుద్దినట్టున్నాయి. కావాలనే అలా ఉంచుకున్నాడట, పరీక్షించడానికి. ఎడమ ట్రేలో పెట్టి, పాట వస్తుండగా పిడికిలితో పెట్టె నెత్తిన దబదబా రెండు దెబ్బలు వేశాడు. పాట తొణకలేదు. కుడి ట్రేలోనూ అంతే. తర్వాత ఆ చిన్న బటన్ నొక్కి, ట్రాక్ చివరికి తీసుకెళ్లి, ఆగుతుందా లేదా అని చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆగింది. ఆయనా ఎక్కడో ఒకచోట అప్పగింతల పాట లాంటిది వెయ్యకూడని సమయంలో వేసి ఉంటాడని నాకు అప్పుడే అర్థమైంది.

వంద తీసుకోమన్నాడు. వద్దు, రాసింది ఎనభయ్యే కదా అన్నాను. వంద అక్కడ పెట్టి, అయితే కంట్రోలర్ కేబుల్ ఇంకోటి ఉంటే ఇవ్వమన్నాడు. ఉన్న రెండిట్లో ఒకటి ఇచ్చాను. ఇచ్చాక కొంచెం బాధేసింది.

మిగతా పది మందికీ అమ్ముడుపోయిందని జవాబు పెట్టాను. గర్బా కుర్రాడు వెంటనే రాశాడు: "భాయ్, ఇంకొకటి ఉంటే చెప్పండి, ధర మీరే చెప్పండి." ఉంది. చెప్పలేదు. ఆ రాత్రే రెండు ట్రే బెల్ట్‌లు ఆర్డర్ పెట్టాను.

కారు ఇప్పటికీ బయటే ఉంది.