నగరమే దైవమైన కంచి

అయోధ్యా మథురా మాయా కాశీ కాంచీ అవంతికా ।
పురీ ద్వారవతీ చైవ సప్తైతా మోక్షదాయికాః ॥

ఈ శ్లోకాన్ని పెద్దల నోట విననివారు మన ఇళ్ళలో అరుదు. నిద్ర లేస్తూనో స్నానం చేస్తూనో ఏడు పేర్లనూ ఒక్క ఊపిరిలో చెప్పుకుంటాము కనుక, అందులోని విశేషం ఒకటి సులభంగా చెవిని దాటిపోతుంది. ఇందులో దేవుడి పేరు ఒక్కటీ లేదు. కాశి ఉన్నది, విశ్వేశ్వరుడి పేరు లేదు. ద్వారక ఉన్నది, కృష్ణుడి పేరు లేదు. మోక్షాన్ని ఇచ్చేవి ఈ ఏడు పురాలని మాత్రమే శ్లోకం చెబుతున్నది. గర్భాలయంలోని మూర్తికి ఉన్న మహిమనే ఆ ఊరి వీథులకూ, కోనేళ్ళకూ, నదికీ, అక్కడ నడిచిన మహనీయుల పాదధూళికీ మన పూర్వులు ఆపాదించారు. మాయ నేటి హరిద్వారం, అవంతిక ఉజ్జయిని. ఏడింటిలో దక్షిణాపథాన ఉన్నది కంచి ఒక్కటే. అది చెన్నపట్నానికి సుమారు 75 కిలోమీటర్ల దూరంలోనే ఉండడం ఇక్కడి తెలుగువారికి దక్కిన భాగ్యం.

అయితే చేరువగా ఉన్న క్షేత్రానికి తొందరగా వెళ్ళి తొందరగా వచ్చేయడమే అలవాటవుతుంది. నెల్లూరు నుండో గుంటూరు నుండో చుట్టాలు వస్తే, పెరంబూరులోనో టి.నగర్‌లోనో కాపురముంటున్న మనవారు తెల్లవారుజామున కారు మాట్లాడుకుని బయలుదేరి, కామాక్షి, ఏకామ్రేశ్వరుడు, వరదరాజస్వామి అని మూడు దర్శనాలు ముగించి, పట్టుచీరల దుకాణానికి వెళ్ళి, చీకటి పడేలోపల ఇల్లు చేరుకుంటారు. చీరలు కొనడంలో తప్పేమీ లేదు. ఆ ఊరి మగ్గాల ముందు కూర్చున్నవారిలో ఇంట్లో తెలుగు మాట్లాడే నేతకారుల కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. నా మనవి అల్లా ఒక్కటే: అలా వెళ్ళివస్తే మూడు గొప్ప గుళ్ళను చూసినట్లవుతుంది గాని, శ్లోకం చెప్పిన పురిని దర్శించినట్లు కాదు. కంచిలోని కోవెలలు ఒకదానితో ఒకటి బంధుత్వం కలిగినవి. ఆ బంధుత్వం తెలియకుండా చూస్తే ఏ కోవెలా పూర్తిగా అర్థం కాదు.

ఆ పురి దర్శనం నిజానికి దారిలోనే మొదలవుతుంది. చెన్నై నుండి బెంగళూరు రహదారి పట్టుకుని వెళ్ళేటప్పుడు మొదట పూనమల్లి వస్తుంది. వరదరాజస్వామికి వింజామర వీచి, ఆయనతో ముఖాముఖి మాట్లాడాడని చెప్పే తిరుక్కచ్చి నంబి, అంటే కాంచీపూర్ణులు, పుట్టిన ఊరు అది. ఆ తరువాత తిరుమళిశై, పన్నిద్దరు ఆళ్వార్లలో ఒకరైన భక్తిసారుల జన్మస్థలం. ఇంకొంత దూరం పోతే శ్రీపెరుంబుదూరు, 1017లో భగవద్రామానుజులు అవతరించిన చోటు. ముగ్గురూ ఈ దారిలో పుట్టారు, ముగ్గురి కథలూ కంచికి చేరాయి. చెన్నైకి ఉత్తరపు కొసన ఉన్న తిరువొత్తియూరును కలుపుకుంటే నాలుగవ కథ కూడా ఉన్నది, దానితోనే మొదలుపెడతాను.

శివభక్తుడైన సుందరమూర్తి నాయనారు తిరువొత్తియూరులో సంగిలి అనే భక్తురాలిని, ఆమెను ఎన్నటికీ విడిచి వెళ్ళనని స్వామి ఎదుట ప్రమాణం చేసి, వివాహమాడాడు. కొంతకాలానికి తిరువారూరు త్యాగరాజస్వామి మీద బెంగ పుట్టి, ఆ ప్రమాణాన్ని మీరి ఊరి పొలిమేర దాటాడు. దాటగానే రెండు కళ్ళూ పోయాయి. చూపు లేకుండానే తడుముకుంటూ నడిచి కంచికి వచ్చి, ఏకామ్రనాథుని సన్నిధిలో నిలబడి పాడితే స్వామి ఎడమ కన్ను ఇచ్చాడు. కుడి కన్ను ఆ తరువాత తిరువారూరులో వచ్చింది. ఆనాడు ఆయన పాడిన పాశురాలలో దాదాపు ప్రతిదీ అమ్మవారు పూజించిన ఈ కంపనాథుణ్ణి, అంటే ఏకామ్రనాథుణ్ణి, చూడడానికి దాసునికి కన్ను లభించిన తీరు ఎంత ఆశ్చర్యమో అన్న భావంతోనే ముగుస్తుంది. కన్ను వచ్చిందన్న సంతోషం కంటే, వచ్చిన కన్ను మొదట ఎవరిని చూసిందన్న సంతోషం వాటిలో పైచేయిగా ఉన్నది. మనం రెండు కళ్ళతోనూ వెళ్ళి, వరుసలో ముందున్నవారి భుజాల మీదుగా ఒక్క క్షణం చూసి వచ్చేస్తాము. ఏకామ్రేశ్వరుని ఎదుట నిలబడినప్పుడు ఒంటికంటితో నిలబడిన ఆ భక్తుణ్ణి తలచుకుంటే ఆ ఒక్క క్షణమే చాలినంత అవుతుందని నా అనుభవం.

సుందరమూర్తి చూసిన మూర్తి పంచభూతలింగాలలో పృథ్వీలింగం. మామిడిచెట్టు కింద అమ్మవారు ఇసుకతో లింగాన్ని చేసి పూజిస్తూ ఉండగా, స్వామి పరీక్షించదలచి కంపానదిని పొంగించాడు. వరద మీదికి వస్తుంటే అమ్మ తన సంగతి చూసుకోకుండా లింగాన్ని రెండు చేతులా కౌగిలించుకున్నది. స్వామి ఆ కౌగిలికి మెత్తబడి, ఆమె కంకణాల గుర్తులను తన మీద నిలుపుకున్నాడు. సైకతలింగం కనుక నేటికీ మూలమూర్తికి జలాభిషేకం చేయరు. ఈ శివాలయం ప్రాకారంలోనే విష్ణుమూర్తికి ఒక సన్నిధి ఉన్నదని మనవారిలో చాలామంది గమనించరు. నిలాత్తింగళ్ తుండత్తాన్ అని పిలిచే ఆ స్వామి సన్నిధి, ఆళ్వార్లు కీర్తించిన విష్ణుక్షేత్రాలైన నూట ఎనిమిది దివ్యదేశాలలో ఒకటి. తపస్సులో ఉన్న చెల్లెలికి సోకిన తాపాన్ని చంద్రకిరణాలతో చల్లార్చడానికి వచ్చిన అన్నగారని స్థలపురాణం.

మొదటిసారి వచ్చిన ఏ పెద్దమ్మ అయినా ఏకామ్రేశ్వరుని దర్శనం కాగానే "అమ్మవారి గుడి ఎటు నాయనా?" అని అడుగుతుంది. శివాలయంలో అమ్మవారి సన్నిధిని వెతుక్కోవడం మనకు సహజం. కంచిలో దానికి సమాధానం, ఊరి నడిబొడ్డున ఉన్న కామాక్షి. నగరంలోని శివాలయాలన్నింటికీ ఆవిడే అమ్మవారని, అందుకే అక్కడి శివాలయాలలో మూలమూర్తిగా వేరే అమ్మవారిని ప్రతిష్ఠించలేదని సంప్రదాయం. ఊరంతా ఒక ఇల్లుగా, ఆ ఇంటికి ఒక తల్లిగా ఏర్పరచిన ఈ ఒక్క ఏర్పాటే, శ్లోకం మూర్తిని వదిలి పురిని ఎందుకు చెప్పిందో తెలుపుతుంది. పద్మాసనంలో కూర్చుని చెరకువిల్లు, పూలబాణాలు, పాశాంకుశాలు ధరించిన ఆ తల్లి ఎదుట ఆదిశంకరులు ప్రతిష్ఠించారని చెప్పే శ్రీచక్రానికే కుంకుమార్చనలు జరుగుతాయి. కళ్వనూరు పెరుమాళ్ అనే మరొక దివ్యదేశం ఈ కోవెల లోపలే ఉన్నది.

ఈ కోవెలకు మన భాషతో ఉన్న అనుబంధాన్ని కూడా తలచుకోవాలి. దండయాత్రల కాలంలో ఇక్కడి బంగారు కామాక్షి ఉత్సవమూర్తిని అర్చకులు రహస్యంగా తీసుకుని ఊరూరా తిరిగి, చివరకు తంజావూరులో ప్రతిష్ఠించారు. ఆ అర్చకుల వంశంలోనే 1762లో శ్యామశాస్త్రిగారు జన్మించారు. సంగీత త్రిమూర్తులలో ఒకరైన ఆయన ఆ తల్లిని బిడ్డ పిలిచినట్లు పిలిచింది ఎక్కువగా తెలుగులోనే. కచేరీలలో ఆయన స్వరజతులను వినే చెన్నైవారు, కంచిలో ఆ తల్లి మొదటి ఇంట నిలబడినప్పుడు ఒక్క చరణమైనా మనసులో పాడుకుంటే ఎంతో బాగుంటుంది.

ఇక తిరుమళిశై ఆళ్వారు కథ. పెద్ద కోవెలల హడావుడిలో యథోక్తకారి అనే విష్ణుమూర్తి సన్నిధికి వెళ్ళేవారు తక్కువ. కంచిలో ఒక్క చిన్న కోవెలకు మాత్రమే సమయం ఉంటే నేను అక్కడికే వెళ్ళమంటాను. ఆళ్వారు శిష్యుడు కణికణ్ణన్, రాజు తన మీద పాట కట్టమని అడిగితే మనుష్యుల మీద పాడనని నిరాకరించి దేశబహిష్కారానికి గురయ్యాడు. శిష్యుడు వెళుతుంటే గురువు ఉండలేక స్వామి దగ్గరకు వచ్చి, కణికణ్ణన్ పోతున్నాడు, నేనూ పోతున్నాను, నువ్వు కూడా ఇక్కడ పడుకోవద్దు, నీ పాముపడక చుట్టుకో అని పాడాడు. స్వామి నిజంగానే లేచి, శేషుణ్ణి చుట్టుకుని వెంట నడిచాడు. ఆ రాత్రి ముగ్గురూ విడిది చేసిన చోటే నేటి ఒరిక్కై అంటారు. కంచి మహాస్వామివారి మణిమండపం ఉన్నది ఆ ఊళ్ళోనే. దైవం లేని నగరం కళతప్పగా, రాజు పశ్చాత్తాపపడి వేడుకున్నాడు. ఆళ్వారు మళ్ళీ పాడితే స్వామి తిరిగివచ్చి పడక పరచుకున్నాడు. భక్తుని మాట విని వెళ్ళివచ్చినందుకు గుర్తుగా, ఇక్కడ ఆయన మిగిలిన శయనమూర్తులకు భిన్నంగా దిశ మార్చి పడుకుని ఉంటాడు. చెప్పినట్లు చేసినవాడు కనుక యథోక్తకారి అయ్యాడు.

ఇదే స్వామికి ఇంతకంటే పాతకథ ఒకటి ఉన్నది. బ్రహ్మదేవుడు ఇక్కడ యజ్ఞం చేస్తుండగా సరస్వతి కోపించి, వేగవతి అనే నదిగా మారి ఉరికివస్తే, శ్రీమన్నారాయణుడు ఆ ప్రవాహానికి అడ్డంగా ఆనకట్టవలె పడుకున్నాడు. అక్కడ శివుని కోసం అమ్మ వరదను కౌగిలితో ఎదుర్కొన్నది, ఇక్కడ బ్రహ్మ యజ్ఞం కోసం విష్ణువు తన శరీరాన్నే అడ్డం వేశాడు; రెండు కోవెలలూ చూసినవారికి ఈ పోలిక కనబడక మానదు. ఆ వేగవతి నది నేటికీ ఊరి పక్కనే ఉన్నది. ఎక్కువ కాలం ఎండి, చెత్తతోనూ మురుగునీటితోనూ నిండి ఉన్న దానిని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. క్షేత్రమంటే నది కూడా అయినప్పుడు, యాత్రకు వెళ్ళిన మనం ప్లాస్టిక్ సీసాలనూ పూల సంచులనూ ఆ ఒడ్డున పారవేయడం గర్భాలయంలో పారవేయడంతో సమానమే.

ఈ నగరం ఎవరినైనా ఎలా మెత్తబరుస్తుందో చెప్పడానికి రాజుల కథలు కూడా ఉన్నాయి. పల్లవ రాజసింహుడు ఎనిమిదో శతాబ్దపు తొలినాళ్ళలో కట్టించిన కైలాసనాథాలయంలో ఒక స్తంభం మీద కన్నడ శాసనం కనబడుతుంది. పల్లవుల బద్ధశత్రువైన బాదామి చాళుక్యుడు రెండవ విక్రమాదిత్యుడు కంచిని జయించి కూడా కొల్లగొట్టలేదు సరికదా, ఈ స్వామి సంపదను చూసి, దానిని తిరిగి స్వామికే సమర్పించి వెళ్ళాడని ఆ శాసనం చెబుతుంది. మన కృష్ణదేవరాయలు ఏకామ్రేశ్వరునికి 1509లో ఆకాశాన్నంటే దక్షిణ గోపురం కట్టించాడు, వరదరాజస్వామి పుణ్యకోటి విమానానికి బంగారు పూత పూయించాడు. ఆయన తమ్ముడు అచ్యుతదేవరాయలు ఈ రెండు కోవెలలకూ సమానంగా గ్రామాలు ఇమ్మని ఆజ్ఞాపించగా, అధికారి ఒకరు ఒకదానికి ఎక్కువ ఇచ్చాడు. ఆ సంగతి తెలిసిన రాజు తానే లెక్క సరిచేసి సమానంగా పంచాడు. శివకంచి, విష్ణుకంచి అని రెండు పేర్లతో పిలిచే ఊరిని ఒకే పురిగా చూసిన చూపు అది. శైవులు అటు, వైష్ణవులు ఇటు అని పంచుకుని సగం ఊరు చూసి వచ్చేవారు అచ్యుతరాయల ఈ పంపకాన్ని గుర్తు పెట్టుకోవాలి.

రామానుజుల కథ పండింది విష్ణుకంచిలో. గురువుతో కాశీయాత్రకు బయలుదేరిన యువ రామానుజులకు వింధ్యారణ్యంలో ప్రాణాపాయం ఎదురై, అర్ధరాత్రి దారి తప్పి తిరుగుతుండగా ఒక బోయదంపతులు తోడై నడిపించారు. తెల్లవారేసరికి ఆ బోయత దాహమన్నది. రామానుజులు ఒక బావిలో దిగి దోసిట నీళ్ళు తెచ్చి ఇచ్చారు, మళ్ళీ నీళ్ళకు వెళ్ళి వచ్చేసరికి ఇద్దరూ లేరు, ఎదురుగా వరదరాజస్వామి విమానం కనబడింది. వచ్చినవారు పెరుందేవి తాయారు, వరదుడు అని తెలుసుకుని, తిరుక్కచ్చి నంబి ఆదేశంపై ఆ బావి నీటిని ప్రతిరోజూ మోసుకువచ్చి స్వామికి సమర్పించడమే తన కైంకర్యంగా పెట్టుకున్నారు. అంతటి విద్వాంసుడు తన సందేహాలను స్వామిని నేరుగా అడగలేక నంబి ద్వారా అడిగించుకున్నాడు. నంబి బ్రాహ్మణుడు కాకపోయినా ఆయననే గురువుగా భావించాడు. పూనమల్లి నుండి ఒకరు, శ్రీపెరుంబుదూరు నుండి ఒకరు వచ్చి, ఒకరు విసనకర్రతోనూ ఒకరు నీళ్ళకుండతోనూ సేవించిన సన్నిధి అని తెలిసి, వరదుడు కొలువైన హస్తిగిరి మీది ఇరవైనాలుగు మెట్లు ఎక్కితే, ఆ మెట్లు గాయత్రీ మంత్రాక్షరాలని పెద్దలు ఎందుకు చెప్పారో కొంత బోధపడుతుంది. వీలైతే కోవెల ఇడ్లీ ప్రసాదం అడిగి తీసుకోండి. మిరియాలు, జీలకర్ర, శొంఠి వేసి, ఆకులు పరచిన వెదురుబుట్టలో ఆవిరికి ఉడికించే ఆ ఇడ్లీ స్వామికి నైవేద్యమే.

ఈ కోవెల కోనేరు అనంతసరస్సులో అత్తివరదుడు, అంటే అత్తి కొయ్యతో చేసిన పాత మూలమూర్తి, నీటిలో శయనించి ఉన్నాడు. నలభై ఏళ్ళకు ఒకసారి బయటకు తీసి దర్శనం ఇప్పిస్తారు. 1979 తరువాత 2019లో జులై, ఆగస్టు నెలలలో 48 రోజులు జరిగిన ఆ దర్శనానికి చెన్నై నుండి వెళ్ళిన తెలుగువారు కూడా ఎండలో గంటల తరబడి నిలబడ్డారు. వెళ్ళలేకపోయిన పెద్దలు కొందరు మళ్ళీ 2059 అట కదా, మాకు ఇక లేనట్లే అని బాధపడుతూ ఉంటారు. వారికి నేను చెప్పేది ఒకటే. స్వామి ఆ కోనేటిలోనే ఉన్నాడు. ఉత్సవం లేని ఏ మామూలు రోజున వెళ్ళినా, ఆ గట్టున నిలబడి అనంతసరస్సుకు నమస్కరించుకోవడానికి వరుస ఉండదు, టిక్కెట్టు ఉండదు, ఎవరూ త్వరగా కదలమని అనరు.