మయన్మార్‌కు రంగు

ఆదివారం అన్న మాటే గానీ పొద్దున్నుంచీ నడుం వాల్చింది లేదు. నీళ్ళ ట్యాంకరు, ఇస్త్రీ బట్టలు, మధ్యాహ్నం కరెంటు కోత. సాయంత్రం ఆరింటికి మావాడు మెల్లగా బయటపెట్టాడు, రేపటికి సోషల్ ప్రాజెక్టు ఇవ్వాలని. మన దేశం, ఇరుగుపొరుగు దేశాలు. ఇంట్లో చార్టు లేదు, స్కెచ్ పెన్నుల్లో ఆకుపచ్చది ఎండిపోయింది. కొట్టుకు వెళ్ళొచ్చి గచ్చు మీద చార్టు పరిచేసరికి ఏడున్నర.

వాడు పాకిస్తాన్‌కు రంగు వేస్తుంటే నాన్న కుర్చీలోంచి వంగి చూశారు. "క్రికెట్ టెస్టు కంటే ముందే వీళ్ళతో ఇంకో ఆట ఆడాం, ఏదో చెప్పు?" అన్నారు. వాడికి తెలియలేదు. నాన్న "ఫుట్‌బాల్! కొలంబో కప్" అనగానే నాకు చిన్నప్పటి మా వరండా కళ్ళ ముందుకొచ్చింది. ఎన్నిసార్లు విన్నానో ఆ మాట!

1952 మార్చిలో కొలంబోలో మొదలైంది. భారత్, పాకిస్తాన్, బర్మా అంటే ఇప్పటి మయన్మార్, సిలోన్ అంటే ఇప్పటి శ్రీలంక. నాలుగూ నిన్నమొన్నటిదాకా తెల్లవాళ్ళ కింద ఉన్న దేశాలే. ఒక్కో జట్టు మిగతా మూడింటితోనూ ఆడాలి. మనమూ పాకిస్తాన్ తలపడితే ఎవరూ గోలు కొట్టలేదు, చివరికి కప్పు ఇద్దరూ పంచుకున్నారు. ఢిల్లీలో ఇరు దేశాల మొదటి క్రికెట్ టెస్టు జరిగింది ఆ ఏడు అక్టోబరులో. విడిపోయి ఐదేళ్ళు కూడా నిండకుండానే ఒకే కప్పును రెండు దేశాలూ పట్టుకున్నాయంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఆ వేసవిలోనే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాం. మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1953లో రంగూన్, 1954లో కలకత్తా, 1955లో ఢాకా, మూడుసార్లూ కొలంబో కప్పు మనదే. జట్టును తీర్చిదిద్దింది హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. నాన్న ఎప్పుడూ 'రహీం సాబ్' అనే అంటారు. మన సిటీ పోలీసు జట్టుకూ ఆయనే గురువు. బొంబాయిలో జరిగే పెద్ద ఫుట్‌బాల్ పోటీ రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళూ తెచ్చిన జట్టది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటివాళ్ళు అక్కడినుంచే దేశం జట్టులోకి వెళ్ళారు. మన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ దేశం తరఫున మొదట ఆడింది ఢాకాలో. 1951, 1962 ఏషియాడ్, అంటే ఆసియా క్రీడల, బంగారు పతకాలు ఎవరైనా చెప్తారు. ఆ మధ్య ఏళ్ళలో పొరుగువాళ్ళతో ఆడి గెలిచిన ఆటలే నాకు ఇంకా ముద్దు. 1962లో జకార్తా ఏషియాడ్ గెలిచిన ఏడాదిలోపే రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. ఆ మాట దగ్గర నాన్న గొంతు ప్రతిసారీ తగ్గుతుంది.

"ఢాకా బంగ్లాదేశ్ కదా తాతా, ఆ ఆటలో బంగ్లాదేశ్ లేదుగా?" అన్నాడు వీడు. అప్పుడది తూర్పు పాకిస్తాన్, పాకిస్తాన్ వంతు అక్కడ జరిగిందని చెప్పారు నాన్న. 1971 దాకా లాక్కొచ్చారు. అన్నం చల్లారిపోయింది. ఎవరూ లేవలేదు.

అంతలో చూస్తే మ్యాపులో మయన్మార్ తెల్లగానే ఉంది. అది మన పక్కది కాదనుకున్నాడట. మిజోరం, మణిపూర్ సరిహద్దు మీద వేలు పెట్టి చూపించాను. ఫుట్‌బాల్లోనూ అంతే, ఆ దేశం ఆగ్నేయాసియా వైపు వెళ్ళిపోయింది. 1993లో లాహోర్‌లో మొదలై ఇప్పటి సాఫ్ కప్‌గా, అంటే దక్షిణాసియా దేశాల కప్పుగా, మారిన పోటీలో దానికి చోటు లేదు. 1966లోనూ 1970లోనూ ఏషియాడ్ ఫుట్‌బాల్ బంగారం గెలిచిన దేశమది! నాలుగు దేశాలూ తలా ఒకసారి ఆతిథ్యమిచ్చాక కొలంబో కప్ ఆగిపోయింది. ఇంకో చుట్టు తిరిగి ఉండాల్సిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

కొత్త ఆకుపచ్చ పెన్నుతో మయన్మార్ నిండేసరికి తొమ్మిదిన్నర. ఆట జరిగిన నాలుగు ఊళ్ళ దగ్గరా చిన్న బంతి వేయాలని వాడికే తోచింది. మూడు వాడు వేశాడు, రంగూన్ దగ్గరిది నాన్న వేశారు. చెయ్యి వణికి కాస్త కోలగా వచ్చింది. చెరిపి మళ్ళీ వేస్తానన్నాడు వీడు. అలాగే ఉండనిమ్మన్నాను.