మూతి విరిగిన నంది ముందు గంటన్నర

"మేడం, దీనికి మూతి లేదు. వేరేది చూపెట్టుండ్రి."

ఖిలా వరంగల్‌లో, స్వయంభూ శివాలయం శిథిలాల మధ్య, ఒక నల్లరాతి నంది ముందు నిలబడి మా తొమ్మిదో తరగతి అమ్మాయి అన్న మాట ఇది. చేతిలో పరీక్ష అట్ట, దానికి క్లిప్పుతో బిగించిన తెల్ల కాగితం, జడలో గుచ్చుకున్న పెన్సిల్. ఆమె వెనకాల ఉన్న ఇద్దరు అబ్బాయిలు అప్పటికే 'మంచి బొమ్మ' కోసం పరుగు తీశారు. వాళ్లకు దొరకదని నాకు తెలుసు. ఆ ఆవరణలో తల ఉన్నదానికి చేయి ఉండదు, చేయి ఉన్నదానికి కాలు ఉండదు. అందుకే వాళ్లను అక్కడికి తీసుకొచ్చాను.

నేను హనుమకొండ జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. పదకొండేళ్లుగా పిల్లలతో బొమ్మలు వేయిస్తున్నాను. ఏటా ప్రాజెక్టు అనగానే వచ్చేవి మూడే మూడు: రెండు కొండల మధ్య సూర్యుడు, నెమలి, 'చెట్లను కాపాడండి' పోస్టర్. పిల్లలకు ఊహ లేక కాదు. వాళ్లు బాగా చూసిన వస్తువు ఒక్కటి కూడా చేతిలో లేక. ఆ సంగతి నాకే చాలా ఆలస్యంగా అర్థమైంది.

రెండేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక పెద్ద మ్యూజియానికి తీసుకెళ్లాం. పొద్దున నాలుగు గంటలకు బస్సు. లోపల గంటన్నర. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వరసగా నడిపించుకుంటూ పోయాం. ఎవరైనా ఆగితే వెనకనుంచి "పదండి పదండి" అని నేనే అరిచాను. తర్వాతి వారం గీసి తెమ్మంటే ఇరవై రెండు మందిలో పదహారు మంది ఒకే బొమ్మ వేసుకొచ్చారు, అది కూడా ఒకడి ఫోన్‌లో ఉన్న ఫోటో చూసి. తప్పు పిల్లలది కాదు. వేల వస్తువులున్న చోటికి తీసుకెళ్లి, ఒక్కదాని ముందు కూడా కూర్చోనివ్వలేదు. ఆ పదహారు కాగితాలు ఇంకా నా బీరువాలో ఉన్నాయి. పారేయబుద్ధి కాలేదు.

అందుకే ఈసారి దూరం వద్దనుకున్నాను. కోట మాకు బస్సులో గంట ప్రయాణం. పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. పులిహోర డబ్బాలు, మంచినీళ్లు, ఇరవై ఆరు అట్టలు, ఒక్కొక్కరికి రెండు పెన్సిళ్లు, అంతే సామాను. ఫోన్లు బ్యాగులోనే ఉండాలని ముందే చెప్పాను. రాళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయొద్దని కూడా చెప్పాను. అలా తీస్తే నకలు బాగానే వస్తుంది కానీ ఏడు వందల ఏళ్ల చెక్కడం మీద మన చేతుల ఒరిపిడి పడుతుంది. కాగితం పైన అందరికీ ఒకే ప్రశ్న రాసిచ్చాను: "నీ ముందున్న రాయిలో ఇప్పుడు లేనిది ఏది?"

ముందు తోరణాల దగ్గర ఆగాం. పిల్లలు ఆ తోరణాన్ని పుస్తకాల అట్ట మీద రోజూ చూస్తారు. రాష్ట్ర చిహ్నంలో చార్మినార్ చుట్టూ ఉండేది అదే. "మేడం, మన తెలంగాణ గుర్తు" అని ఒకడు గట్టిగా అరిచి, పక్కకు తిరిగి, "ఇంకోటి ఉంది" అన్నాడు. కాసేపటికి మూడోది, నాలుగోది. మధ్యలో గుడి నేలమట్టమైంది, నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు మాత్రం నిలబడి ఉన్నాయి. ఇన్నేళ్లూ అది ఒక్కటే అనుకున్నారు వాళ్లు. తోరణం పైన రెండు కొసల్లో హంసలు, అడ్డదూలం కింద వేలాడే తామర మొగ్గలు. మొగ్గలు లెక్కపెట్టమంటే అయిదుగురు అయిదు లెక్కలు చెప్పి పోట్లాడుకున్నారు. నేను తీర్పు చెప్పలేదు. మళ్లీ లెక్కపెట్టుకోమన్నాను.

ఒక అబ్బాయి మాత్రం తోరణాన్ని వదిలేసి మధ్యలో ఖాళీగా కనిపించే ఆకాశాన్ని గీశాడు. రాయి ఎక్కడ ఆగిందో ఆ అంచు మాత్రం పట్టుకుని, లోపలి జాగా అంతా పెన్సిల్‌తో నల్లగా నింపాడు. తోరణం తెల్లగా మిగిలింది. వాడు మామూలుగా క్లాసులో పెన్సిల్ చెక్కుకుంటూ కాలం గడిపే పిల్లాడు.

ఇక నంది దగ్గరికి వస్తాను. ఆ అమ్మాయి వేరేది కావాలని పట్టుబట్టింది. "లేనిదేందో రాయమన్న కదా బిడ్డా, నీకు సులువుగా దొరికింది. కూర్చో" అన్నాను. మూతి ముడుచుకునే కూర్చుంది. మొదటి పది నిమిషాలు కాగితం మీద గీత పడలేదు. తర్వాత మెడలో గంటల దండ మొదలుపెట్టింది. ఒక్కో గంట, దాన్ని పట్టుకున్న గొలుసు, గొలుసు కింద నడుము పట్టీ. రాతిలో చెక్కిన ఆ దండ ఎంత బరువుగా వేలాడుతుందంటే, కింద మెడ చర్మం మడత పడినట్టు కూడా చెక్కారు. అది కనిపెట్టింది ఆమే. ఇన్నిసార్లు వెళ్లినదాన్ని, నేను చూడలేదు.

అరగంట తర్వాత నా దగ్గరికొచ్చి అడిగింది: "మేడం, మూతి ఉంటే అది ఎటు చూస్తుండె?"

ఆ ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంది. నంది శివుడి వైపు చూస్తుంది. ఇద్దరం కలిసి, లేని గుడిలో గర్భగుడి ఎక్కడ ఉండేదో వెతికాం. కానీ విరిగిన రాళ్లన్నీ తర్వాత పేర్చి పెట్టినవి, ఈ నంది ఇక్కడిదేనని ఎలా చెప్పగలం? అప్పుడు 1323 గురించి చెప్పాను. ఢిల్లీ సేనలు ఓరుగల్లును పట్టుకున్నాయని, ప్రతాపరుద్రుడితో కాకతీయుల పాలన ముగిసిందని. సోషల్ పాఠంలో నాలుగు మార్కుల ప్రశ్నగా చదివిన ఏడాది అది. ఆ అమ్మాయి నంది మెడ మీద విరిగిన చోట చేయి పెట్టబోయి, గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

కాపలా ఉండే పెద్దాయన చాలాసేపటి నుంచి మమ్మల్ని గమనిస్తున్నాడు. "గంట సంది గా ఒక్క రాయి కాడనే కూసున్నరు, ఏమైంది మేడం?" అన్నాడు. గీస్తున్నారని చెప్పాను. పిల్లల వెనక తిరిగి అన్ని కాగితాలూ చూశాడు. తర్వాత ఒక మాట అన్నాడు: "ఇప్పుడు ఎండ నెత్తి మీదికొచ్చింది, ఏం కనవడది. పొద్దుగాల రావాలె. ఎండ పక్కకెల్లి కొడ్తది, చెక్కుడు లేసొస్తది."

నిజమే. వెలుగు పక్కనుంచి వాలినప్పుడు ప్రతి గీత పక్కనా సన్నటి నీడ పడుతుంది, లోతు తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం అదే చెక్కడం చదునైన పలకలా కనిపిస్తుంది. డ్రాయింగ్ పుస్తకంలో వెలుగునీడల పాఠం నేను గోళం, ఘనం గీసి చెబుతాను. ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. మళ్లీ చెప్పమని పిల్లల్ని పిలిచాను. ఈ ఏడాది నుంచి ఆ పాఠం కోటలోనే, పొద్దున ఎనిమిదింటికే.

కోటలోనే ఉన్న పాత దర్బారు భవనం ఖుష్ మహల్‌లో ఎక్కువసేపు ఉండలేదు. గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలుగా ఉన్నాయని ఇద్దరు పట్టుకున్నారు. లోపల పెట్టిన కొన్ని శిల్పాలు చూశారు. పులిహోర అక్కడి చెట్ల కిందే అయిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు వేయి స్తంభాల గుడి దగ్గర దిగాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి. అందరూ స్తంభాలు చూస్తారు. నేను పిల్లల్ని మండపంలో కూర్చోబెట్టి పైకప్పు చూడమన్నాను. చతురస్రం మూలల మీద ఐమూలగా రాళ్లు పేరిస్తే లోపల ఇంకో చతురస్రం, కాస్త తిరిగి, చిన్నదిగా తయారవుతుంది. దాని మీద మళ్లీ అలాగే. జాగా తగ్గుతూ తగ్గుతూ మధ్యకు చేరుతుంది. "ముగ్గు లెక్కుంది" అని ఎవరో అన్నారు. ఆడపిల్లలంతా ఒక్కసారి ఫక్కున నవ్వి, చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు.

అందులో ఒకమ్మాయి అమ్మమ్మవాళ్లది కొత్తవాడ. జంపఖానాలు నేసే ఇల్లు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనం పేపర్లో చదివాం కానీ, ఆ పిల్లకు అది సెలవుల్లో తను ఆడుకునే మగ్గం గుంట. ఆమె ఆ పైకప్పును గళ్ల కాగితం మీద వేసింది. వేస్తుండగా చిక్కు వచ్చింది: ఐమూల గీత మగ్గం మీద గీతగా రాదు. పడుగు నిలువు, పేక అడ్డం, వాలు గీత కావాలంటే మెట్లు మెట్లుగానే ఎక్కాలి. వాళ్ల అమ్మమ్మను అడిగి, ప్రతి వాలునూ మెట్లుగా మార్చుకుంది. గుడి పైకప్పు జంపఖానా నమూనా అయింది. రంగులు రెండే, ముదురు ఎరుపు, నలుపు. ఈ ప్రాజెక్టుకు నేను చేసిన సాయం గళ్ల కాగితం కొనివ్వడమే.

నంది అమ్మాయి కాగితంలో మాత్రం మూతి ఉండాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. సోమవారం ఆదరాబాదరాగా వచ్చి చూపించింది. ఆదివారమంతా వాళ్ల పెద్దనాయన ఎడ్ల కొట్టంలో కూర్చుందట. రెండు ఎడ్లలో ముసలిదాన్ని ఎంచుకుంది. ముకుతాడు ఒరిసిన గీత, ఎడమ చెవికి చిన్న చీలిక, కంటి కింద తడి చార. పైన కాకతీయుల నాటి గంటల దండ, దాని మీద మా పక్క ఊరి ఎద్దు మొహం. ఇది గీయడానికి ముందు ఆమె వేసిన బొమ్మలన్నీ నెమళ్లే. ఆ ఊళ్లో నెమలి ఎప్పుడూ కనపడదు, ఎద్దు రోజూ కనపడుతుంది.

ఆ కాగితం క్లాసంతా తిరిగాక, వెనక బెంచీ అబ్బాయి ఒకడు, "ఆ నంది కథంతా పటం లెక్క వేద్దాం మేడం" అన్నాడు. వాళ్ల వాడకట్టుకు చిన్నప్పుడు పటం కథ చెప్పేవాళ్లు వచ్చారట. చేర్యాల పటం మనకు దగ్గరిదే, ఇప్పుడు సిద్దిపేట జిల్లా కానీ ఒకప్పుడు మన ఉమ్మడి వరంగల్‌లోనిదే. నకాషీలనే చిత్రకారులు వేసే ఆ పొడవాటి గుడ్డ పటాన్ని విప్పుకుంటూ, ఒక్కో గడిలోని బొమ్మ చూపిస్తూ కథ చెబుతారు. మార్కండేయ పురాణం పద్మశాలీలకు చెప్పే కూనపులివాళ్లు, గౌడులకు చెప్పే గౌడజెట్టివాళ్లు, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథకు పటం.

సరే అన్నాను. నూలు గుడ్డ మా ఇంట్లోని పాత పంచె. దానికి గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి కలిపి మూడు పూతలు పూయాలి. చింతగింజలు పిల్లలే తెచ్చారు, రెండు కిలోలు. నానబెట్టి, రుబ్బి, మధ్యాహ్న భోజనం పొయ్యి మీద ఉడికించాం. మొదటిసారి ఉడికించిన గిన్నె శని, ఆదివారాలు మూత పెట్టి వదిలేశాను. సోమవారం మూత తీస్తే బూజు, వరండా అంతా వాసన. మళ్లీ మొదటి నుంచి చేశాం. ఈసారి ఏ రోజుకారోజు కొంచెం కొంచెం ఉడికించుకున్నాం. పూత ఆరాక గుడ్డ అట్టలా బిర్రుగా అయింది. దాని మీద కుంచె ఆనగానే గీత పాకకుండా నిలుస్తుంటే పిల్లల మొహాలు చూడాలి!

పటంలో ఏడు గడులు. గుట్టలో నిద్రపోతున్న రాయి, ఉలి పట్టిన శిల్పి, గుడిలో పూజలు, మంటలు, మూతి విరిగి గడ్డిలో పడిన నంది, దాని వీపు మీద ఎక్కి ఆడుకునే పిల్లలు. ఏడో గడిలో మేమంతా అట్టలు పట్టుకుని కూర్చున్నాం, పక్కన కుర్చీలో కాపలా పెద్దాయన, చేతిలో కర్ర. వెనకంతా చేర్యాల ఎరుపు. మంటల గడి దగ్గర రెండు రోజులు వాదన జరిగింది. ఒకరు గుర్రాలు, కత్తులు పెడదామన్నారు. నంది అమ్మాయి వద్దంది. "నంది కథ కదా, నందికి ఏం కనవడితే అదే వేయాలె" అని. చివరికి ఆ గడిలో మనుషులే లేరు. పొగ, పడిపోతున్న స్తంభం, నంది కన్ను.

పోయిన ఆదివారం నేనొక్కదాన్నే కోటకు వెళ్లి, ఫోన్‌లో పటం ఫోటో ఆయనకు చూపించాను. కళ్లజోడు లేదని ఫోన్‌ను దూరంగా పట్టుకుని ఒక్కో గడి చూశాడు. ఏడో గడి దగ్గర ఆగాడు. "గీ కుర్చీల నేనేనా?" అన్నాడు. అవునన్నాను. చాలాసేపు చూశాడు.

"బాగుంది గని బిడ్డా, కట్టె నేను ఎడమ చేత్ల పడ్త."

సోమవారం ఈ మాట క్లాసులో చెప్పాను. పిల్లలు తెల్లసుద్దతో ఆ చేయి చెరిపి, మళ్లీ గీస్తున్నారు.