షుగర్ మాత్రలు మారిన తొమ్మిదో రోజు

నిన్న సాయంత్రం రిపోర్టు వచ్చింది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8.6 నుంచి 7.1కి దిగింది. ప్రాణం కుదుటపడింది. మధ్యలో నేను పడ్డది ఇంకొకరు పడకూడదని వెంటనే రాస్తున్నాను.

నాకు షుగర్ వచ్చి ఆరేళ్లు. మొదట్లో మెట్‌ఫార్మిన్ 500 ఒక్కటే. మొదటి వారం విరేచనాలు పట్టుకున్నాయి, తిన్నాక వేసుకుంటే సర్దుకుంది. తర్వాత గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా. చేర్చారు. అదీ బాగానే నడిచింది.

8.6 రాగానే డాక్టరుగారు చీటీ మార్చారు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా. కలిపిన ఒకే మాత్ర. పాతవి ఆపమని చీటీలో లేదు, నోటితోనూ చెప్పలేదు. ఇంట్లో పాత గ్లిమెపిరైడ్ రెండు అట్టలు మిగిలాయి. మందుల షాపులో అడిగితే, ఫోనులోంచి తల ఎత్తకుండానే "వేసుకోండి సార్, ఏం కాదు" అన్నాడు. పేర్లు వేరు, రంగులు వేరు. రెండింట్లోనూ ఒకే మందు ఉందని నాకు తట్టలేదు.

తొమ్మిదో రోజు పొద్దున మాత్రలు వేసుకుని, టిఫిన్ నరసరావుపేటలో చేద్దామని గుంటూరులో పల్లెవెలుగు ఎక్కాను. ఫిరంగిపురం దగ్గరికి వచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. కిటికీలోంచి చూస్తే ఒక చెట్టు రెండుగా కనబడుతోంది. కండక్టరు టికెట్ అడిగాడు. జేబులోంచి డబ్బులు తీశాను గానీ ఎంత ఇవ్వాలో లెక్క తెలియడం లేదు. ఊరి పేరు చెబుదామంటే నాలుక మడత పడింది. "పొద్దున్నే ఏసుకొచ్చావా? దిగు, దిగు" అన్నాడు. పక్కనున్న ఆమె కొంగు సర్దుకుని జరిగి కూర్చుంది. వెనక ఎవరో నవ్వారు. ఇరవై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాడిని. జీవితంలో చుక్క ముట్టలేదు. ఆ మాట చెప్పడానికి కూడా నోరు రాలేదు. ఆ నవ్వు ఇవాళ్టికీ చెవిలో ఉంది.

ముందు సీట్లోంచి ఒక పెద్దామె లేచి వచ్చింది. నా చెయ్యి పట్టుకు చూసి, "ఒళ్లు చల్లబడింది. అయ్యా, నీకు షుగరుందా?" అంది. తలూపాను. సంచిలోంచి పంచదార పొట్లం తీసి, నీళ్లసీసాలో కలిపి తాగించింది. "తాగినోడు కాదయ్యా, షుగరు పడిపోయింది" అని కండక్టరు మీద అరిచింది. పావుగంటకు మనిషినయ్యాను. నరసరావుపేటలో దిగి ల్యాబులో చూపిస్తే అప్పటికి కూడా 68 ఉంది. 70 కన్నా తగ్గితే తక్కువ కిందే లెక్క. బస్సులో ఎంత ఉండిందో!

మనం తిన్నా తినకపోయినా గ్లిమెపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. నాకు రోజూ 3 మి.గ్రా. పడింది, ఆ పూట కడుపు ఖాళీ. ఈ మాట ఆరేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. తిరిగి వెళ్లి అడిగితే డాక్టరు దగ్గరి కాంపౌండరు "చదువుకున్నోళ్లు, మీరే చూసుకోవద్దా" అన్నాడు. ఫీజు తీసుకున్నది ఎవరు, చూసుకోవాల్సింది ఎవరు?

ఆ గడప మళ్లీ తొక్కలేదు. కొత్త డాక్టరమ్మ గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆపేసి, మెట్‌ఫార్మిన్‌తో డాపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా. రాశారు. ఇది షుగరును మూత్రంలోకి పంపేస్తుంది. కాబట్టి మూత్రపరీక్షలో షుగర్ కనబడితే కంగారు పడొద్దన్నారు. నీళ్లు బాగా తాగాలి, మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ కడుక్కోవాలి, లేకపోతే అక్కడ దురద, ఫంగస్ వస్తాయి. వాంతులైనా, ఉపవాసమున్నా వేసుకోకుండా ముందు తనకు ఫోన్ చేయమన్నారు. మొదటి పది రోజులు రాత్రి మూడుసార్లు లేచాను, తర్వాత తగ్గింది. పేటెంట్ తీరాక చాలా కంపెనీలు చేస్తున్నాయి, అందుకే ధర కూడా భరించగలిగేలా ఉంది.

చీటీ మారితే అక్కడే కూర్చుని "పాతవాటిలో ఏవి ఆపాలి?" అని అడిగి రాయించుకోండి. వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. అట్ట మీద కంపెనీ పేరు కాదు, మందు పేరు చదవండి. నాకు పడిన మందే మీకూ పడాలని లేదు, అది డాక్టరు తేల్చాల్సిందే.

ఇప్పుడు నా జేబులో పంచదార పొట్లం ఉంటుంది. వారానికి రెండుసార్లు అదే బస్సు ఎక్కుతున్నాను. ఆ పెద్దామె మళ్లీ కనబడలేదు. కండక్టరు మాత్రం నేను ఎక్కగానే ముఖం తిప్పుకుని టికెట్ కొడతాడు.