స్కానింగ్ రిపోర్టుకూ నిర్ణయానికీ మధ్య

శ్రీకాకుళంలో ఏ స్కానింగ్ సెంటరుకు వెళ్లినా, లింగ నిర్ధారణ పరీక్షలు ఇక్కడ చేయబడవని చెప్పే బోర్డు గోడమీద కనిపిస్తుంది. 1994 నాటి చట్టం పెట్టించిన బోర్డు అది. అదే చట్టం క్రోమోజోముల లోపాలను, తలసీమియా వంటి రక్తవ్యాధులను, పుట్టుకతో వచ్చే అవయవ లోపాలను కనిపెట్టడానికి గర్భస్థ పరీక్షలను అనుమతిస్తుంది. ఆడపిల్ల అని తెలుసుకుని గర్భం తీయించడం తప్పయినప్పుడు, డౌన్ సిండ్రోమ్ (బుద్ధి ఎదుగుదల మందగించే క్రోమోజోము లోపం) ఉందని తెలుసుకుని తీయించడం ఎందుకు తప్పు కాదని వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవారు అడుగుతారు.

ఈ ప్రశ్నను నేను కొట్టిపారేయలేను. అయితే ఆ రెండూ ఒకటేననీ అనలేను. ఆడపిల్లగా పుట్టినందుకు పడే బాధంతా మనుషులు పెట్టేదే; సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధితో పుట్టిన బిడ్డకు వచ్చే ఎముకల నొప్పి మాత్రం ఎంత మంచివారి మధ్య పెరిగినా నొప్పే. సీతంపేట ఏజెన్సీ వంటి గిరిజన ప్రాంతాల కోసం 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమాన్ని అందుకే నేను సమర్థిస్తాను. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకున్నా దాని జన్యువును మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది; ఆ సంగతి పెళ్లికి ముందే తెలియడం మంచిది. (పరీక్ష ఫలితం రాసిన కార్డు చూసి సంబంధం వద్దనుకుంటే నష్టపోయేది ఎక్కువగా అమ్మాయేనన్న భయం నాకు లేకపోలేదు.)

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పరీక్ష కాదు, దాని ఫలితాన్ని మనం అందుకునే తీరు. మా బంధువుల అమ్మాయికి మూడో నెలలో చేసిన డబుల్ మార్కర్ అనే రక్తపరీక్షలో డౌన్ సిండ్రోమ్ ముప్పు 180లో ఒకటి అని వచ్చింది. అంటే అలాంటి ఫలితం వచ్చిన 180 మందిలో 179 మంది బిడ్డలకు ఆ లోపం ఉండదు. రిపోర్టు మీద "హై రిస్క్" అన్న మాట మాత్రమే ఇంట్లో అందరి కంటా పడింది. సాయంత్రానికల్లా బిడ్డకు జబ్బు ఉన్నట్టే నిర్ణయమైపోయింది. మేనరికం చేసుకున్నందుకే ఇలా అయిందని ఒకరన్నారు. మేనరికం వల్ల కొన్ని జన్యువ్యాధులు పెరిగే మాట నిజమే గాని, డౌన్ సిండ్రోమ్‌కు దానితో సంబంధం లేదు. తల్లి వయసుతో పెరిగే ముప్పు అది. ఉమ్మనీటి పరీక్షకు విశాఖ వెళ్లారు, లోపం లేదని తేలింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఉందని తేలి ఉంటే ఏం చేసేవారో ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు.

గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ తరువాత, పిండంలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చినప్పుడు, 24 వారాలు దాటినా గర్భస్రావానికి చట్టం అనుమతిస్తుంది. ఏ లోపం తీవ్రమైనదో చట్టం జాబితా ఇవ్వలేదు. ఇంటి తరఫున సమ్మతి తెలపవలసింది గర్భిణి మాత్రమే. వయోజనురాలైతే భర్త సంతకం కూడా అక్కరలేదు. మన ఇళ్లలో జరిగేది వేరు. అయిదో నెలలో, పిండం అవయవాలను వివరంగా చూసే టిఫా స్కాన్‌లో లోపం కనిపిస్తే, అత్తగారు, ఆడపడుచు, చిన్నాన్న మాట్లాడాక ఆ అమ్మాయి తల ఊపుతుంది. దాన్ని స్వేచ్ఛగా తీసుకున్న నిర్ణయం అనడానికి నాకు మనసొప్పదు.

డబ్బు లెక్క కూడా దాచవలసింది కాదు. రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు. దానికి సదరం శిబిరంలో వైకల్య శాతం రాయించుకోవాలి. తాము పోయాక బిడ్డను ఎవరు చూస్తారన్న తల్లిదండ్రుల భయానికి ఆ మొత్తం జవాబు కాదు. ఆ భయంతో గర్భం వద్దనుకున్న తల్లిని క్రూరురాలు అనేవారు, ఆమె వాకిట్లో ఒక్క పూటైనా నిలబడి ఆ లెక్క వేసి చూడాలి.

రిపోర్టు చేతికిచ్చిన రోజునే డాక్టరు ఆ దంపతులతో తీరిగ్గా మాట్లాడాలని నా కోరిక. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టే పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపాలు ఉంటాయనీ, వాటిలో చాలావాటికి ఆపరేషన్ ఉందనీ, బిడ్డ ఎంతవరకు చదువుతుందో ఏ స్కానూ చెప్పలేదనీ వారికి తెలియాలి. అలాంటి బిడ్డను పెంచుతున్న ఒక తల్లి కూడా అక్కడ ఉంటే ఇంకా మంచిది; ఆమె చెప్పేది కష్టమే కావచ్చు, సంతోషమూ కావచ్చు. ఆ తరువాత గర్భిణి ఉంచుకుంటానన్నా, వద్దన్నా నేను తప్పుపట్టను. కాకపోతే ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, లోపల పెద్దవాళ్లతో మాట్లాడే పద్ధతి మానుకోవాలి.