జాలీ అవతలి మైదానం

సెయింట్ లూయిస్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నా, బేస్‌బాల్ నాకు పరిచయమైంది మావాడి వల్లే. వాడు జట్టులో చేరినప్పటి నుంచి మా శనివారాలన్నీ మైదానాల పక్కనే గడిచిపోతున్నాయి. పోయిన వేసవి సెలవుల్లో కాన్సస్ సిటీ వెళ్లి నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియం చూద్దామని వాడే పట్టుబట్టాడు. డబ్బాలో పులిహోర కట్టుకుని, మిస్సోరీని ఈ కొస నుంచి ఆ కొసకు దాటే రోడ్డెక్కాం. నాలుగు గంటల ప్రయాణం. వాడి నెత్తిన సెయింట్ లూయిస్ జట్టు కార్డినల్స్ ఎర్ర టోపీ.

మ్యూజియం ఉన్నది 18వ వీధీ వైన్ వీధీ కలిసే చోట, నల్లజాతివాళ్ల జాజ్ సంగీతానికి పేరుపడ్డ పేటలో. నడిచి వెళ్లేంత దూరంలోనే పాసియో వైఎంసీఏ భవనం. నల్లజాతి ఆటగాళ్లకు పెద్ద లీగుల (మేజర్ లీగ్స్) తలుపులు మూసి ఉంటే, 1920 ఫిబ్రవరి 13న నల్లజాతి జట్టు యజమాని రూబ్ ఫాస్టర్ తక్కిన నల్లజాతి జట్ల యజమానులను అక్కడే కూర్చోబెట్టి నీగ్రో నేషనల్ లీగ్‌ను స్థాపించాడు. ముందు ఆ ఇటుకల గోడ చూసి, తర్వాత మ్యూజియంలోకి వెళ్లాం.

లోపల అడుగుపెట్టగానే ఎదురుగా ఒక మైదానం. నీగ్రో లీగ్స్ మేటి ఆటగాళ్ల కంచు విగ్రహాలు ఎవరి స్థానాల్లో వాళ్లు నిలబడి ఉన్నాయి. మధ్యలో బంతి విసరబోతూ శాచెల్ పేజ్, అందుకోవడానికి సిద్ధంగా జోష్ గిబ్సన్. మనకూ వాళ్లకూ నడుమ కోళ్ల గూళ్లకు కట్టేలాంటి ఇనుప జాలీ. దారి ఎటని మావాడు వెతికాడు. మొత్తం చరిత్ర చూసుకుంటూ వెళ్తే చివర్లో గానీ ఆ మైదానంలోకి అడుగు పెట్టలేం. అలా కట్టిన వాళ్లకు దండం పెట్టాలనిపించింది.

"నాన్నా, నల్లవాళ్లు ఆడకూడదని రూల్ ఎవరు రాశారు?" అన్నాడు మావాడు. ఎవరూ రాయలేదు. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లజాతి ఆటగాడు టొలీడో తరఫున పెద్ద లీగులో ఆడాడు కూడా. ఆ తర్వాత యజమానులు లోపాయికారీగా ఒక మాట అనుకున్నారు, అంతే. 1942లో బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ అలాంటి నిబంధనేదీ లేదని బాహాటంగా ప్రకటించాడు. ఆయన ఆ కుర్చీలో కూర్చున్న దాదాపు పాతికేళ్లలో ఒక్క నల్లజాతి ఆటగాడూ పెద్ద లీగులో కనిపించలేదు.

అక్కడ నాకు మా ఊరి టీ కొట్టు గుర్తొచ్చింది. మాకు ఒక రకం గ్లాసులు, దళితవాడ నుంచి వచ్చేవాళ్లకు వేరే గ్లాసులు. అక్కడా ఏ బోర్డూ లేదు. అడిగితే, అందరూ ఒప్పుకోవద్దూ అనేవాళ్లు. ఆ "అందరిలో" నేనూ ఉన్నానని చిన్నప్పుడు తట్టలేదు. మావాడికి ఆ సంగతి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

బేస్‌బాల్ యజమానులూ జనం పేరే చెప్పారు: తెల్ల ప్రేక్షకులు ఒప్పుకోరు, తెల్ల ఆటగాళ్లు కలిసి ఆడరు అని. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి పత్రికలో పనిచేసే వెండెల్ స్మిత్ ఆ మాటను అలా వదిలెయ్యలేదు. 1939లో పెద్ద లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్ ఆటగాళ్లనూ మేనేజర్లనూ స్వయంగా కలిసి అడిగాడు. నల్లజాతివాళ్లతో ఆడటానికి అభ్యంతరం లేదన్నవాళ్లే వాళ్లలో ఎక్కువమంది. ఇంత పెద్ద అబద్ధాన్ని ఒక విలేకరి వెళ్లి అడిగి తేల్చాడు. నాకు ఈ కథలో అందరికంటే నచ్చిన మనిషి ఆయనే.

ఇక నల్లజాతి జనం. కాన్సస్ సిటీ నల్లజాతి జట్టు మొనార్క్స్ ఆట ఉన్న ఆదివారాల్లో చర్చిలో ప్రార్థన గంట ముందుకు జరిపేవారట, భక్తులు అవే మంచి బట్టలతో నేరుగా ఆటకు వెళ్లేందుకు. 1943లో షికాగో కొమిస్కీ పార్క్‌లో నీగ్రో లీగ్స్ మేటి ఆటగాళ్లు తలపడిన ఈస్ట్-వెస్ట్ ఆటకు 51 వేలకు పైగా జనం వచ్చారు.

1945లో మొనార్క్స్‌కు ఆడిన జాకీ రాబిన్సన్‌ను పెద్ద లీగు జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీ ఎంచుకున్నాడు. 1946లో డాడ్జర్స్ కింది స్థాయి జట్టు మాంట్రియల్‌లో ఆడినప్పుడు లూయీవిల్‌లో జనం అతన్ని గేలి చేశారు. తర్వాతి ఆటలు మాంట్రియల్‌లో. అక్కడి జనం లూయీవిల్ వాళ్లను గేలి చేసి బదులు తీర్చుకున్నారు. గెలిచాక అభిమానంతో అతని వెంట వీధిలో పరిగెత్తారు. 1947 ఏప్రిల్ 15న రాబిన్సన్ బ్రూక్లిన్ తరఫున పెద్ద లీగులో అడుగుపెట్టాడు. అదే నెలలో ఫిలడెల్ఫియా మేనేజర్ బెన్ చాప్‌మన్ అతన్ని నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు. అతనితో ఆడబోమంటూ కార్డినల్స్ ఆటగాళ్లు సమ్మెకు దిగబోతున్నారని మేలో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ రాసింది. ఆటగాళ్లు కాదన్నారు. అది చదివి మావాడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు తీశావని నేను అడగలేదు.

రాబిన్సన్ రావడానికి మూడు నెలల ముందే, 1947 జనవరిలో, జోష్ గిబ్సన్ 35 ఏళ్లకు కన్నుమూశాడు. ఆయన కెరీర్ మొత్తం బ్యాటింగ్ సగటు .372ను పెద్ద లీగుల రికార్డుగా లెక్కలోకి తీసుకున్నది 2024లో.

గెలుపు కథ నడుమ ఒక నష్టం కూడా ఉంది, దాని ముందు నేను ఎక్కువసేపు నిలబడ్డాను. నల్లజాతి ప్రేక్షకులు తమ హీరోలను చూడటానికి పెద్ద లీగుల మైదానాలకు తరలిపోయారు. రాబిన్సన్ కోసం రికీ మొనార్క్స్‌కు ఒక్క డాలరూ ఇవ్వలేదు. నెవార్క్ ఈగిల్స్ జట్టును నడిపిన ఎఫా మాన్లీ డబ్బు కోసం గట్టిగా నిలబడితే, లారీ డోబీ అనే ఆటగాడిని వదులుకున్నందుకు ఆమెకు 15,000 డాలర్లు దక్కాయి. ఫాస్టర్ లీగ్ ఆగిపోయాక అదే పేరుతో 1933లో మళ్లీ మొదలైన నీగ్రో నేషనల్ లీగ్ 1948 సీజన్ అయ్యాక మూతపడింది. పెద్ద లీగులు కలుపుకున్నది ఆటగాళ్లనే. యజమానులకూ మేనేజర్లకూ అక్కడ చోటు ఇవ్వలేదు.

మ్యూజియంలో ఒక లోహపు ఫలకం ఉంది. రాబిన్సన్ పుట్టిన జార్జియాలోని కైరో దగ్గర పాతిన స్మారక ఫలకం అది. దాని మీద తుపాకీ గుళ్ల దెబ్బలు. 2021లో బయటపడ్డాయి. మావాడు పుట్టాకే జరిగిన సంగతన్నమాట.

చివరికి మైదానం. జాలీ ఇప్పుడు మా వెనక ఉంది. మావాడు గిబ్సన్ విగ్రహం పక్కన అదే భంగిమలో కూర్చుని, పేజ్ విసరబోయే బంతి కోసం చేతులు చాపాడు.

మర్నాడు ఇంటికి వచ్చే దారిలో, ఊళ్లోకి రాగానే గ్రాండ్ బులవార్డ్ వైపు కారు తిప్పాను. డోడియర్ వీధి మూల మీద ఒకప్పుడు స్పోర్ట్స్‌మన్స్ పార్క్ ఉండేది. అక్కడ 1944 దాకా నల్లజాతి ప్రేక్షకులను కుడివైపు పెవిలియన్‌లో మాత్రమే కూర్చోనిచ్చేవారు. ఆ పెవిలియన్ ముందూ జాలీ ఉండేది. ఇప్పుడక్కడ పిల్లల క్లబ్బు, ఆటస్థలం ఉన్నాయి. ఎన్నిసార్లు ఆ దారిన వెళ్లానో నాకే లెక్క లేదు.

"పెవిలియన్ ఎటువైపు ఉండేది?" అన్నాడు. గ్రాండ్ బులవార్డ్ వైపు చూపించాను. ఇద్దరం అటు నడిచి, కంచె దగ్గర నిలబడి, లోపల ఆడుకుంటున్న పిల్లలను చీకటి పడేదాకా చూశాం.