గ్రహణమొర్రి అనే మాట

డబ్లిన్‌లో నా ఉద్యోగం ముఖాలు కొలవడం. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, జుట్టు నుదుటి మీద పడకుండా బ్యాండ్ పెట్టి, "పెదాలు మూయండి, నవ్వొద్దు, కదలొద్దు" అంటాను. త్రీడీ స్కానింగ్ కొద్దిసేపే. అసలు పని ఆ తర్వాత. స్క్రీన్ మీద కళ్ళ మూలలు, ముక్కు మొదలు, ముక్కు కొన, పెదాల అంచులు, ఒక్కో చోటా ఒక్కో చుక్క పెట్టాలి. కొన్నాళ్ళాగి అదే ముఖానికి మళ్ళీ పెట్టి, రెండుసార్లకీ ఎంత తేడా వచ్చిందో చూసుకోవాలి. నా చేతి పొరపాటు ఎదుటి మనిషి ముఖం లెక్కలోకి ఎక్కకూడదు కదా. ఆపైన కంప్యూటర్ ఆ చుక్కలన్నిటినీ ఒకచోటికి జరిపి, తిప్పి, ఒకే సైజుకి తెస్తుంది. పెద్ద తల, చిన్న తల అనే తేడా పోగా మిగిలేదే ఆకారం.

ఈ ఊరికి ఈ పని కొత్త కాదు. 2007లో ఇక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో రాబిన్ హెన్నెసీ, జాన్ వాడింగ్టన్‌ల బృందం స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవారి ముఖాల్లో, ముఖ్యంగా నుదురు, ముక్కు ప్రాంతంలో, సగటున సూక్ష్మమైన తేడాలున్నాయని లేజర్ స్కాన్లతో చూపించింది. గర్భంలో ముఖమూ మెదడు ముందుభాగమూ ఒకదాన్ని ఆనుకుని ఒకటి పెరుగుతాయి. అక్కడ ఏదైనా కాస్త దారి తప్పితే ఆ జాడ రెండిట్లోనూ మిగలొచ్చు. ఉదాహరణకి, 22వ క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క లోపించి పుట్టినవారిలో అంగిలి చీలిక, గుండె లోపాలు, ముఖంలో కొన్ని పోలికలు కనిపిస్తాయి. పెద్దయ్యాక వాళ్ళలో సుమారు నలుగురిలో ఒకరికి స్కిజోఫ్రీనియా వస్తుంది.

డిసెంబరు సెలవులకి విశాఖ వచ్చాను. మా ఇల్లు చినవాల్తేరులో, మానసిక ఆసుపత్రికి దగ్గర. మేం చిన్నప్పుడు దాన్ని పిచ్చాసుపత్రి అనేవాళ్ళం. ఇప్పుడా మాట వింటే నాకు కష్టంగా ఉంటుంది. పక్కింటి పిన్ని కొడుకు స్కిజోఫ్రీనియాకి ఎనిమిదేళ్ళుగా అక్కడే మందులు వాడుతున్నాడు. నేనొచ్చిన రెండోరోజే పిన్ని ఫోన్‌లో అతని ఫోటో చూపించింది.

"నీ మిషన్లో పెట్టి చూడమ్మా. ఏటి తేడా ఉందో చెప్పు."

ఫోన్ ఫోటోతో కాదన్నాను. దగ్గర్నుంచి తీస్తే ముక్కే ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. స్కానర్ ఉన్నా చెప్పలేను. మా తేడాలు గుంపు సగటులో కనిపించేవి, అవీ చాలా చిన్నవి. ఒక్క మనిషి ముఖం చూసి జబ్బుందో లేదో ఎవరూ చెప్పలేరు. చెబుతామనేవాళ్ళని, వాళ్ళ చేతిలో సాముద్రికం పుస్తకమున్నా కంప్యూటరున్నా, నేను నమ్మను.

కానీ పిన్ని అడగాలనుకున్నది అది కాదు. కాసేపాగి, "వాడిని బాగా కొట్టేదాన్ని. చదవట్లేదని. అందుకేనా?" అంది.

కొట్టడం మంచిదని నేను అనలేదు. కానీ ఈ జబ్బుకి చాలా కారణాలు కలుస్తాయని, జన్యువుల పాలు పెద్దదని, కొన్ని బీజాలు పుట్టకముందే పడతాయని మా కొలతల్లాంటివే చెబుతున్నాయని వివరించాను. పై పెదవి చీలి పుట్టిన బిడ్డని మనం గ్రహణమొర్రి అంటాం. తల్లి గ్రహణంలో బయటికొచ్చిందని ఆ పేరులోనే నింద ఉంది. నిజానికి గర్భం మొదటి నెలల్లో ముఖంలోని రెండు వైపులూ వచ్చి కలుసుకోవాలి. కలవకపోతే చీలిక. ఆకాశంలో ఏం జరిగినా దానికి సంబంధం లేదు.

"ముఖం ఎన్నో నెలలో తయారవుతుంది?"

"నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం లోపలే, చాలావరకు."

పిన్ని వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "అప్పటికి నాకు నెల తప్పిందో లేదో కూడా సరిగ్గా తెలీదమ్మా" అంది. ఫోన్ మూసి, లోపలున్న కొడుకుని టీకి పిలిచింది.